మొదటి రోజు ఊరంతా చూపించకండి, ఊళ్లో తిరగడం నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, పేపర్ల నిండా విదేశీ గ్రూప్ టూర్ల ప్రకటనలు. వాటిలో నేను ముందుగా చూసేది ధర కాదు, హోటల్‌కి ఎన్ని స్టార్లో కాదు, 'మొదటి రోజు' అన్న చోట ఏం రాశారో అది. దాదాపు అన్నిట్లోనూ ఒకటే వరస. విమానం దిగగానే స్వాగతం, అటు నుంచి అటే సిటీ టూర్, ఆరో ఏడో పేర్లు, సాయంత్రం షాపింగ్, రాత్రికి హోటల్. చదువుతుంటే డబ్బుకి తగ్గ విలువ వస్తోందనిపిస్తుంది. కానీ అరవై దాటినవాళ్లకీ, మొదటిసారి దేశం దాటుతున్నవాళ్లకీ ఆ ఒక్క రోజు ఎంత భారమో వెళ్లొచ్చినవాళ్లకే తెలుసు. టూర్ కంపెనీలవాళ్లూ, డబ్బు కట్టే మనమూ ఈ మొదటి రోజు గురించి మళ్లీ ఆలోచించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పేది టర్కీలోని ఇస్తాంబుల్ గురించి. మావారూ నేనూ ఒక గ్రూపుతో వెళ్లాం. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం, కంపెనీ మారినా మొదటి రోజు కార్యక్రమం మారదు కాబట్టి. రాత్రంతా విమానం, తెల్లారి దిగడం. ఇస్తాంబుల్ కొత్త ఎయిర్‌పోర్టు ఊరికి ఉత్తరాన నల్ల సముద్రం వైపు ఉంటుంది, 2019లో పాత అటాటుర్క్ ఎయిర్‌పోర్టు నుంచి ప్రయాణికుల విమానాలను అక్కడికి మార్చారు, పాత ఊళ్లోకి రావాలంటే సుమారు నలభై కిలోమీటర్లు. ఇమిగ్రేషన్ క్యూ, లగేజీ, ఎవరిదో ఒక సూట్‌కేస్ ఆలస్యం, టూర్ మేనేజర్ పేర్లు పిలిచి లెక్క చూసుకోవడం, ఆ తర్వాత ట్రాఫిక్‌లో బస్సు. అక్కడి టైమ్ మనకన్నా రెండున్నర గంటలు వెనక కాబట్టి బస్సులో గడియారం పది చూపిస్తున్నా ఒంటికి మాత్రం పన్నెండున్నర, అదీ నిద్ర లేని పన్నెండున్నర.

ఆ బస్సు హోటల్‌కి పోదు. ఎందుకు పోదో తెలిస్తే మొత్తం సంగతి అర్థమవుతుంది. హోటళ్లలో గది చేతికిచ్చేది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో, అంతకుముందే కావాలంటే ముందు రాత్రి అద్దె కూడా కట్టాలి. లోకల్ గైడ్‌నీ బస్సునీ మాట్లాడుకునేది రోజు లెక్కన. అంటే పొద్దున దిగిన గ్రూపును మధ్యాహ్నం దాకా ఎక్కడో ఒకచోట పెట్టాలి, గైడ్‌కిచ్చే డబ్బు ఎలాగూ ఇస్తున్నారు కాబట్టి చూడాల్సినవన్నీ ఆ రోజే చూపించేస్తే రెండో రోజు గైడ్ ఖర్చు తగ్గుతుంది. ఇది దుర్మార్గం అనను, వ్యాపారంలో లెక్క అలాగే పడుతుంది. కానీ ఆ లెక్క వల్ల ముఖం కూడా కడుక్కోకుండా, నిన్నటి బట్టలతో, మందుల డబ్బా బస్సు అడుగున సూట్‌కేస్‌లో ఉండగా పదిహేను వందల ఏళ్ల నాటి కట్టడం ముందు నిలబడాల్సి వస్తుంది. ఆ కట్టడానికీ న్యాయం జరగదు, మనిషికీ జరగదు.

మేం దిగింది శుక్రవారం. కాగితం మీద ఆ రోజుకి రాసినవి హగియా సోఫియా, బ్లూ మాస్క్, హిప్పోడ్రోమ్, తోప్‌కాపి ప్యాలెస్, బసిలికా సిస్టెర్న్ అనే నేల కింది పాతకాలపు నీటి తొట్టి, గ్రాండ్ బజార్. మ్యాప్‌లో చూస్తే నిజంగానే అన్నీ పక్కపక్కనే, సుల్తానహ్మెత్ అనే ఒకే పేటలోనూ దాని చుట్టుపక్కలా ఉన్నాయి. అయితే బ్లూ మాస్క్ ఇవాళ్టికీ నమాజు జరిగే మసీదు. ప్రార్థన వేళల్లో సందర్శకులను లోపలికి పంపరు, శుక్రవారమైతే మధ్యాహ్నం నమాజు పూర్తయ్యేదాకా తెరవరు. తోప్‌కాపి ప్యాలెస్‌కి మంగళవారం సెలవు. గ్రాండ్ బజార్ ఆదివారం మూసేస్తారు. ఇవేమీ దాచిపెట్టిన విషయాలు కావు, ఆ ఊరు తెలిసిన ఎవరిని అడిగినా చెప్తారు. మరి సోమవారం దిగే బ్యాచ్‌కీ, శుక్రవారం దిగే బ్యాచ్‌కీ, ఆదివారం దిగే బ్యాచ్‌కీ ఒకే ఐటినరరీ ఎలా అచ్చు వేస్తారు? బ్లూ మాస్క్ మూసి ఉందని గైడ్ చెప్పగానే మా టూర్ మేనేజర్ కుర్రాడి ముఖంలో మాకన్నా ఎక్కువ టెన్షన్ కనపడింది, పాపం ఆ కాగితం రాసింది అతను కాదు. "ఫొటోలు తీసుకోండమ్మా, బయట నుంచే బాగా వస్తుంది" అన్నాడు. ఆరు మినార్లూ ఫొటోలో బాగానే వచ్చాయి. 1609లో మొదలుపెట్టి కట్టిన ఆ మసీదు లోపల ఇజ్నిక్ అనే ఊళ్లో చేసిన రంగు పింగాణీ పలకలు ఇరవై వేలకు పైగా ఉన్నాయి, ఆ నీలం రంగు వల్లే దానికి బ్లూ మాస్క్ అని పేరు, దాన్ని చూడాలనే కదా అంత దూరం వెళ్లింది.

ప్రకటనల్లో భాష గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని పేర్ల పక్కన 'ఫొటో స్టాప్' అని ఉంటుంది, కొన్నింటి ముందు 'పనోరమిక్ టూర్' అని ఉంటుంది, ఇంకొన్నింటికి ఏమీ ఉండదు. మొదటిదానికి బస్సు దిగి బయట నిలబడి చూడ్డం, రెండోదానికి బస్సులోంచే చూడ్డం. ఏమీ రాయని వాటికి లోపలికి తీసుకెళ్తారని మనం అనుకుంటాం, అక్కడికి వెళ్లాక టికెట్ విడిగా అంటారు. హగియా సోఫియానే తీసుకోండి. 2020లో దాన్ని మళ్లీ మసీదు చేశారు, 2024 జనవరి నుంచి విదేశీ పర్యాటకులకు వేరే ద్వారం, పై అంతస్తు గ్యాలరీ వరకే ప్రవేశం, టికెట్ 25 యూరోలు పెట్టారు. కింది అంతస్తు నమాజు చేసుకునేవాళ్లకి. ఇద్దరు మనుషులకి 50 యూరోలంటే చిన్న మొత్తం కాదు. మా గ్రూపులో సగం మంది ఆ మాట విని బయటే ఆగిపోయారు, ఇంటి దగ్గరే తెలిసి ఉంటే చాలామంది ఆ డబ్బు పక్కన పెట్టుకుని వచ్చేవాళ్లు. రోమన్ చక్రవర్తి జస్టీనియన్ 532లో మొదలుపెట్టించి అయిదేళ్లలో పూర్తి చేయించిన చర్చి అది. కప్పు మీద గుమ్మటం అడ్డంగా 31 మీటర్లు, నేల నుంచి 55 మీటర్ల ఎత్తు. మొదట కట్టిన గుమ్మటం భూకంపాల దెబ్బకి 558లో కూలితే మళ్లీ లేపారు. తొమ్మిది వందల ఏళ్లు చర్చి, ఆ తర్వాత మసీదు, 1935 నుంచి మ్యూజియం, ఇప్పుడు మళ్లీ మసీదు. దీన్ని చూడకుండా మెట్ల మీద కూర్చుని నీళ్ల సీసా తాగుతూ ఎదురుచూడటం కంపెనీ తప్పు కాదు, యాత్రికుడి తప్పూ కాదు అంటే నేను ఒప్పుకోను. ముందుగా చెప్పకపోవడం కచ్చితంగా తప్పే.

లోపలికి వెళ్లిన మాకు ఇచ్చిన టైమ్ అరగంట కూడా లేదు. పై గ్యాలరీలో 13వ శతాబ్దం నాటి ఒక మొజాయిక్ ఉంది, మధ్యలో క్రీస్తు, అటూ ఇటూ మేరీ, యోహాను. కింది భాగమంతా ఊడిపోయి గోడ కనిపిస్తుంటుంది, ముఖాలు మాత్రం నిలిచాయి. చిన్న చిన్న రాళ్ల ముక్కలతో ఒక చెంప మీద వెలుగు, ఇంకో చెంప మీద నీడ ఎలా తెచ్చారో చూస్తూ ఉండిపోవచ్చు. మా గైడ్ దాని ముందే ఆగింది. మిగతా అన్నీ వదిలేసి అక్కడే నిలబడి చెప్తోంది, టర్కీ ప్రభుత్వం ఇచ్చిన లైసెన్స్ కార్డు మెడలో ఉన్న మనిషి, ఆమె గొంతులో ఇష్టం తెలుస్తోంది, ఇంతలో చెవిలో పెట్టుకున్న రిసీవర్‌లో గరగర, వెనక నుంచి మా కుర్రాడు "అమ్మా, రండమ్మా, బస్సు వెయిట్ చేస్తోంది, తర్వాత షాప్‌కి టైమ్ ఇచ్చేశాం" అని.

అదీ సంగతి. షాప్‌కి టైమ్ ఇచ్చేశారు. అది తివాచీల షాపు. గొప్ప మర్యాద, గాజు గ్లాసుల్లో టీ, వరసగా బెంచీలు, నేల మీద ఒకదాని మీద ఒకటి తివాచీలు విప్పి పరుస్తుంటే ఉన్ని ఏదో సిల్కు ఏదో, అంగుళానికి ఎన్ని ముడులో చెప్తారు. పని చాలా అందమైన పని, నేసినవాళ్ల మీద నాకు గౌరవమే. కానీ నిద్ర లేని మనుషుల్ని మెత్తటి చోట కూర్చోబెట్టి, తలుపు దగ్గర మనిషిని నిలబెట్టి, జంటకి ఒక సేల్స్‌మన్ చొప్పున పక్కన చేరితే ఎవరికైనా కాదనడం కష్టం. గ్రూపులో ఒక పెద్దాయన కొడుకు పంపిన డబ్బులో చాలా భాగం అక్కడే ఖర్చు పెట్టేశారు, రాత్రి హోటల్లో భార్యాభర్తలు మాట్లాడుకోలేదు. ఇలాంటి చోట్ల అమ్మకం మీద కమిషన్ ఉంటుందని టూరిజంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. అలాంటి ఆగుడు ఉంటే ఉండనివ్వండి, కొనాలనుకునేవాళ్లు ఉంటారు. మొదటి రోజు మాత్రం వద్దు. ఊరి ధరలేమిటో, డబ్బు విలువేమిటో, బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని రోజున అమ్మకానికి కూర్చోబెట్టడం న్యాయం కాదు. షాపులో గంటన్నర గడిచింది, హిప్పోడ్రోమ్‌కి పది నిమిషాలు దొరికాయి.

హిప్పోడ్రోమ్ అంటే ఇప్పుడు ఒక పొడవాటి ఖాళీ మైదానం, పార్కులాంటిది, ఒకప్పుడు రథాల పందేలు జరిగిన చోటు. టికెట్ లేదు, సెలవు లేదు, సెక్యూరిటీ క్యూ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కూర్చునే బెంచీలున్నాయి. అక్కడ ఈజిప్టు నుంచి తెచ్చిన రాతి స్తంభం ఉంది, అక్కడి కర్నాక్ గుడిలో మూడో తుత్‌మోస్ అనే రాజు నిలబెట్టినది, రోమన్ చక్రవర్తి థియోడోసియస్ 390లో ఇక్కడ ఎత్తించాడు. స్తంభానికీ కింది పాలరాతి పీఠానికీ మధ్య నాలుగు మూలలా నాలుగు కంచు దిమ్మెలు, అంత బరువూ వాటి మీదే. పీఠం మీద ఒకవైపు లాటిన్‌లో, ఒకవైపు గ్రీకులో శాసనాలు. ఎన్ని రోజుల్లో ఎత్తారో రెండింట్లోనూ రాశారు, లాటిన్‌లో ముప్ఫై రోజులు, గ్రీకులో ముప్ఫై రెండు. మా గైడ్ ఈ మాట చెప్పగానే అంతసేపూ తూలుతున్నవాళ్లు కూడా నవ్వి పీఠం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. కొంచెం అవతల డెల్ఫీ నుంచి తెచ్చిన కంచు పాముల స్తంభం, మూడు పాములు మెలేసుకున్నట్టు, తలలు పోయాయి, పర్షియన్లను ఓడించాక గ్రీకులు క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో చేయించినది. చుట్టూ కట్టిన కమ్మీల మీదుగా వంగి చూస్తే దాని మొదలు మనం నిలబడ్డ నేలకన్నా చాలా కిందకి, గుంటలో ఉంటుంది. అప్పటి నేల అది. శతాబ్దాలుగా మట్టి చేరి ఊరు అంత పైకి లేచింది. ఆ కమ్మీల దగ్గర అర్థమైనంతగా ఆ ఊరి వయసు ఇంకెక్కడా అర్థం కాలేదు నాకు, అదీ పైసా ఖర్చు లేకుండా.

మొదటి రోజంటే ఇలా ఉండాలి. ఒకే మైదానం, ఒకే గైడ్, రెండు గంటలు, మధ్యలో కూర్చోవడం.

ఇక సాయంత్రం. కార్యక్రమం అయిపోయింది, గది తాళాలు ఇచ్చారు. వెళ్లబోతూ మా గైడ్ ఆగి, "ఓపిక ఉన్నవాళ్లు వస్తారా, ట్రామ్ ఎక్కడం చూపిస్తాను" అంది. అది ఆమె డ్యూటీలో లేదు. కొద్దిమందిమి వెళ్లాం. స్టాప్ దగ్గర మిషన్‌లో ఇస్తాంబుల్‌కార్ట్ అనే ప్రయాణ కార్డు ఎలా కొనాలో, డబ్బు ఎలా వేసుకోవాలో మా చేతే చేయించింది, తను ముట్టుకోలేదు. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లొచ్చని, ఒకరి తర్వాత ఒకరు తాకిస్తే చాలని చెప్పింది. టీ1 లైన్‌లో సుల్తానహ్మెత్ నుంచి గుల్‌హానె, సిర్కెజి, మూడోది ఎమినోను. ట్రామ్‌లో బ్యాగ్ ముందుకి వేసుకోమంది. ఎమినోనులో దిగితే ఎదురుగా నీళ్లు, గలాటా వంతెన మీద వరసగా గాలాలు వేసుకుని నిలబడ్డ జనం. అదే కార్డు తాకించి కడికోయ్ వెళ్లే ఫెర్రీ ఎక్కాం. ఇరవై నిమిషాల ప్రయాణం, యూరప్ గట్టు మీద ఎక్కి ఆసియా గట్టు మీద దిగడం, ఆఫీసుల నుంచి ఇళ్లకి వెళ్లే జనంతో కలిసి. పొద్దున క్యూల్లో నిలబడి చూసినవన్నీ, తోప్‌కాపి, హగియా సోఫియా, బ్లూ మాస్క్, ఫెర్రీ వెనక వైపు నుంచి ఒకే గీతలో కనపడ్డాయి, ఏది ఎక్కడుందో, మేం ఎక్కడెక్కడ నడిచామో అప్పుడు తెలిసింది. తిరుగు ప్రయాణంలో ఆమె రాలేదు, ఆమె ఇల్లు అటువైపే. "మీరు వెళ్లగలరు" అని చెప్పి వెళ్లిపోయింది. వెళ్లగలిగాం. గ్రూపులో ఎనభైకి దగ్గర పడ్డ ఒక అమ్మ ముందు నడిచి మరీ మమ్మల్ని ట్రామ్ స్టాప్‌కి తీసుకొచ్చారు.

ఆ తర్వాతి రోజుల్లో తేడా కళ్లకి కట్టినట్టు కనిపించింది. సాయంత్రం ఆమెతో వచ్చినవాళ్లం ఖాళీ దొరికినప్పుడల్లా బయటికి వెళ్లాం, శుక్రవారం తప్పిపోయిన బ్లూ మాస్క్‌కి ఇంకో పొద్దున మాకు మేమే వెళ్లి, గుమ్మం దగ్గర ఊరికే ఇచ్చే స్కార్ఫ్ కప్పుకుని, చెప్పులు సంచిలో పెట్టుకుని, ఎవరూ తొందర పెట్టకుండా చూసి వచ్చాం. రానివాళ్లలో చాలామంది హోటల్ లాబీ దాటలేదు. వాళ్లకి ఆసక్తి లేక కాదు, తప్పిపోతామనే భయం. విదేశంలో గ్రూపుతో వచ్చినవాళ్లకి ఉండే అతి పెద్ద బెంగ ఇదే, డబ్బు కాదు, ఆరోగ్యం కూడా కాదు. ఆ భయం మొదటి రోజే తీరిపోకపోతే ఇక టూర్ చివరిదాకా గొడుగు ఎత్తి పట్టుకున్న మనిషి వెనకే నడక.

అందుకే కంపెనీలవాళ్లని అడిగేది ఇది. పొద్దున దిగే గ్రూపును ముందు హోటల్‌కి తీసుకెళ్లండి. గది ఇవ్వకపోయినా లగేజీ పెట్టుకోనిస్తారు, లాబీలో ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోవచ్చు, మందులు తీసుకోవచ్చు. ముందుగా గది కావాలనుకునేవాళ్లకి అదనపు అద్దె ఎంతో బుకింగ్ అప్పుడే చెప్పండి, చాలామంది సంతోషంగా కడతారు. మొదటి రోజు లోపలికి వెళ్లే చోటు ఒక్కటే పెట్టండి, అది కూడా ఆ వారం ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో చూసి. హోటల్ అడ్రసు ఉన్న కార్డు, టూర్ మేనేజర్ నంబరు, అక్కడి ఎమర్జెన్సీ నంబరు 112, ఇవి అందరి జేబుల్లో పెట్టించండి. సాయంత్రం ఒక గంట గైడ్‌కి డబ్బిచ్చి ట్రామో మెట్రోనో ఎక్కించి చూపించమనండి. షాపుకి పెట్టే గంటన్నర ఇందుకు సరిపోతుంది.

"కస్టమర్లే ఎక్కువ పేర్లు అడుగుతారండీ, ఆరు రాసినవాడి దగ్గరికే వెళ్తారు, రెండు రాస్తే మా దగ్గరికి ఎవరూ రారు" అని ఒక ట్రావెల్ ఏజెంట్ నాతో అన్నారు. అందులో నిజం ఉంది. అంత డబ్బు పోసి వెళ్తున్నాం, మళ్లీ వెళ్తామో లేదో, అన్నీ చూసేయాలి అనుకోవడం సహజం. పిల్లలు అమ్మానాన్నల్ని పంపేటప్పుడు కూడా ఏ టూర్‌లో ఎక్కువ ఉన్నాయో లెక్కపెట్టే పంపుతారు. వాళ్లకి నా విన్నపం ఏంటంటే పేర్లు లెక్కపెట్టకండి, ప్రశ్నలు అడగండి. విమానం ఎన్నింటికి దిగుతుంది, గది ఎన్నింటికి ఇస్తారు? ఈ చోట్లలో లోపలికి వెళ్లేవి ఏవి, బయట నుంచి చూసేవి ఏవి, టికెట్ మీరు ఇస్తారా మేం కొనాలా? మేం దిగేది ఏ వారం, ఆ రోజు ఏది మూసి ఉంటుంది? బస్సు దిగాక ఎంత నడవాలి? సుల్తానహ్మెత్‌లాంటి పాత పేటల్లో వీధులు ఇరుకు, చాలాచోట్ల బళ్లు రానివ్వరు, పెద్ద బస్సు ఎక్కడో ఆగుతుంది, అక్కడి నుంచి రాళ్లు పరిచిన ఎత్తు రోడ్డు ఎక్కాలి. మొదటి రోజు షాపు ఉందా? ఉంటే రానని చెప్పి బయట ఉండే వీలుందా? వీటికి రాతలో జవాబిచ్చే కంపెనీ కొంచెం ఖరీదైనా నేను దాంతోనే వెళ్తాను.

మీ పత్రికని కూడా ఒకటి అడగాలనుంది. యాత్రల ప్రకటనలు తీసుకునేటప్పుడు 'లోపలికి ప్రవేశం', 'బయట నుంచి', 'టికెట్ అదనం' అని మూడు రకాలుగా విడగొట్టి రాయమని ప్రకటనదారులకి చెప్పండి. మీ పర్యటనల పేజీలో ఎప్పుడైనా వెళ్లొచ్చిన పాఠకుల చేత మొదటి రోజు గురించే రాయించండి, ఏ ఊరికి వెళ్లినా సరే, దిగిన గంట నుంచి పడుకునే గంట దాకా ఏం జరిగిందో. వచ్చే సెలవులకి టికెట్లు తీసుకునేవాళ్లు ఇప్పుడే ఐటినరరీలు చూసుకుంటూ ఉంటారు కాబట్టి ఈ ఉత్తరాన్ని వీలైనంత త్వరగా ప్రచురించగలరు.

ఇట్లు,
మీ పాఠకురాలు